మూడు రోజుల్లో నొప్పి మాయం చేసిన పొడి, మా అమ్మ వెన్నుపూస

  

ఈరోజు టాపిక్ ఎముకలు. వినగానే "అది మా అమ్మమ్మ చూడాల్సిన వీడియో, నాకెందుకు" అని పక్కకు జరపకండి. ఇది మీ అమ్మమ్మ కోసం కాదు, మీ కోసమే చేస్తున్నా. ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లకు ఆన్‌లైన్‌లో మందులు ఆర్డర్ పెట్టేది మనమే. ఫోన్ ఉండేది మన చేతిలోనే. నేను కూడా అట్లనే ఒకటి ఆర్డర్ పెట్టిన. దాని ఫలితం మా అమ్మ అనుభవించింది. అందుకే ఈ ఎపిసోడ్.

మా అమ్మకు ఇప్పుడు 57 ఏళ్లు. హనుమకొండలో ఇంటి దగ్గరే కుట్టుమిషన్ మీద జాకెట్లు కుడుతుంది. ముప్పై ఏళ్లుగా కాళ్లతో మిషన్ తొక్కీ తొక్కీ మోకాళ్లు పట్టేసినయి. పొద్దున లేవగానే గోడ పట్టుకొని నడిచేది. డాక్టర్ దగ్గరికి పోదాం అంటే, "పోతే గోలీలు రాస్తడు, గోలీలు తింటే కిడ్నీలు ఖరాబైతయి, వద్దు బిడ్డా" అనేది. ఈ మాట మీ ఇంట్లో కూడా వినే ఉంటారు.

అప్పుడే నా ఫోన్‌లో ఒక యాడ్ వచ్చింది. వేల ఏళ్ల నాటి చైనా మూలికలట. ఎముకలు ఉక్కులాగా అవుతాయట. సైడ్ ఎఫెక్ట్స్ జీరో అట. ఒక పెద్దాయన కర్ర పక్కన పడేసి మెట్లెక్కుతున్నడు. డబ్బా 899 రూపాయలు, రెండు కొంటే మూడోది ఫ్రీ. నేను బీటెక్ చదివినోణ్ని. అయినా రెండు నిమిషాలు కూడా ఆలోచించకుండా ఆర్డర్ పెట్టేసిన.

పొడి వచ్చింది. డబ్బా మీద చైనా అక్షరాలు, వాటి కింద ఇంగ్లీషులో "100 శాతం హెర్బల్". అమ్మ పొద్దున ఒక చెంచా, రాత్రి ఒక చెంచా వేసుకుంది. మూడో రోజుకు నొప్పి లేదు! నిజంగానే లేదు. మూడో రోజు అమ్మ కింద కూర్చొని పప్పు చెరిగింది. "గీ పొడి దేవుడి లెక్క పనిచేసింది రా" అన్నది. నాకు ఎంత గర్వం అనిపించిందో చెప్పలేను. పక్కింటి చిన్నమ్మకు కూడా లింక్ పంపిన.

అట్ల 14 నెలలు వాడింది. ఆ 14 నెలల్లో కొన్ని మార్పులు వచ్చినయి. అమ్మ ముఖం గుండ్రంగా, నిండుగా అయింది. చూసినోళ్లు "అక్కా, ఒళ్లు చేసినవ్, మంచిగున్నవ్" అన్నారు. ఆకలి పెరిగింది. చేతికి చిన్న దెబ్బ తగిలినా నల్లగా కమిలేది. కింద కూర్చుంటే లేవడానికి తొడల్లో బలం సరిపోయేది కాదు. షుగర్ బార్డర్‌లోకి వచ్చింది. ఇవన్నీ వయసు వల్లే అనుకున్నాం.

ఒక రోజు పొద్దున బాత్రూంలో సగం నిండిన బకెట్ ఎత్తింది. అంతే. కింద పడలేదు, జారలేదు. నడుములో ఏదో కటుక్కుమన్నది. అక్కడే గోడకు ఆనుకొని కూలబడిపోయింది.

హాస్పిటల్‌లో ఎక్స్‌రే తీశారు. నడుము దగ్గర ఒక వెన్నుపూస ముందువైపు అణిగిపోయి ఉంది. పెద్ద దెబ్బ తగిలితే విరగాల్సిన ఎముక, సగం బకెట్ నీళ్లకే విరిగింది. డాక్టర్ గారు అమ్మ ముఖం కేసి చూస్తూ అడిగారు: "అమ్మా, ఏమేం మందులు వాడుతున్నరు?"

"బీపీ గోలీ ఒక్కటే సార్."

"ఇంకేం లేదా? ఆకుమందు, పసరు, పొడి?"

"అది మందు కాదు సార్, ఆకుల పొడే. మా పిలగాడు ఫోన్‌ల తెప్పించిండు."

ఆయన నా వైపు తిరిగి డబ్బా తెమ్మన్నారు. డబ్బా చూసి, పొద్దున పూట ఇచ్చే ఒక రక్తపరీక్ష రాశారు. కార్టిసాల్ టెస్ట్. మన కిడ్నీల పైన చిన్న టోపీల్లాగా రెండు గ్రంథులు ఉంటాయి, అడ్రినల్ గ్రంథులు. అవి రోజూ కార్టిసాల్ అనే స్టెరాయిడ్ తయారుచేస్తాయి. బయటి నుంచి చాలాకాలం స్టెరాయిడ్ లోపలికి పోతే, "ఇంక నా అవసరం లేదులే" అని ఆ గ్రంథులు పని ఆపేస్తాయి. అమ్మకు ఆ లెక్క బాగా తక్కువ వచ్చింది. అమ్మ ఎప్పుడూ స్టెరాయిడ్ గోలీ మింగలేదు, ఇంజెక్షన్ తీసుకోలేదు. లోపలికి పోయింది ఆ పొడి ఒక్కటే. పొడిని ల్యాబ్‌కు పంపించి పరీక్ష చేయించలేదు కాబట్టి, అందులో ఫలానా మందు ఇంత ఉంది అని నేను చెప్పను. కానీ అమ్మ ముఖం, కమిలిన మచ్చలు, తొడల బలహీనత, ఆ రక్తపరీక్ష, అన్నీ కలిపి చూసి డాక్టర్ గారు ఒకే మాట అన్నారు: "ఇందులో స్టెరాయిడ్ కలిపి ఉంటరు."

అంటే చూడండి. ఎముకలు గట్టిపడాలని నేను తెప్పించిన పొడే అమ్మ ఎముకల్ని తినేసింది. ఇది ఎట్ల జరుగుతదో తెలియాలంటే ముందు ఎముక సంగతి తెలియాలి.

మనం ఎముక అంటే ఇంటి పిల్లర్ లాంటిది, ఒకసారి కడితే అట్లనే ఉంటది అనుకుంటాం. కాదు. ఎముకకు ప్రాణం ఉంటది. మన వరంగల్ రోడ్లు గుర్తు తెచ్చుకోండి. ఒక బ్యాచ్ వచ్చి తవ్వుతది, ఇంకో బ్యాచ్ వచ్చి పూడుస్తది. ఎముకలో కూడా అంతే. పాత ఎముకను తవ్వే కణాలు కొన్ని, వాటిని ఆస్టియోక్లాస్ట్‌లు అంటారు. కొత్త ఎముకను నింపే కణాలు కొన్ని, అవి ఆస్టియోబ్లాస్ట్‌లు. జీవితాంతం ఈ రెండు బ్యాచ్‌లూ పని చేస్తూనే ఉంటాయి. సుమారు ముప్పై ఏళ్ల దాకా నింపుడే ఎక్కువ. ఆ తర్వాత మెల్లగా తవ్వుడు పెరుగుతది. ఆడవాళ్లకు నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గుతది కదా, అప్పటి నుంచి తవ్వే బ్యాచ్ స్పీడ్ ఇంకా పెరుగుతది. తవ్వినంత పూడ్చకపోతే లోపల గుల్ల అవుతది. అదే ఆస్టియోపోరోసిస్. తెలుగులో ఎముకలు గుల్లబారడం అంటాం.

ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటి వినండి. ఎముక గుల్లబారితే నొప్పి ఉండదు. విరిగేదాకా ఏమీ తెలియదు. మోకాళ్ల నొప్పి చాలావరకు కీలు అరగడం వల్ల వచ్చేది. అది వేరే జబ్బు. కాబట్టి "నొప్పి తగ్గింది, అంటే ఎముక గట్టిపడింది" అనే లెక్కే తప్పు. నేను చేసిన మొదటి తప్పు అదే.

ఇప్పుడు స్టెరాయిడ్ ఏం చేస్తదంటే, వాపును తగ్గిస్తది. అందుకే మూడు రోజుల్లో నొప్పి మాయం. ఆకలి పెంచుతది, హుషారు వచ్చినట్టు అనిపిస్తది. కానీ ఎముకలో నింపే బ్యాచ్‌ను పండబెడుతది. తవ్వుడు నడుస్తనే ఉంటది, పూడ్చేటోడు లేడు. అదీ మొదటి కొన్ని నెలల్లోనే నష్టం బాగా జరుగుతది. స్టెరాయిడ్ చెడ్డ మందు అని నేను అనట్లేదు. ఆస్తమాకు, కొన్ని రకాల కీళ్లవాతాలకు డాక్టర్లు రాస్తారు, ప్రాణాలు కాపాడుతది. కానీ వాళ్లు ఇంత డోస్, ఇన్ని రోజులు అని లెక్క పెట్టి ఇస్తారు, ఎముకలకు రక్షణ కూడా చూస్తారు. డబ్బాలో దాచి పెడితే ఆ లెక్క ఎవరు చూడాలి?

ఇది మన దగ్గరే జరుగుతుంది అనుకోకండి. అమెరికాలో 'ఆర్ట్రి కింగ్' అని కీళ్ల నొప్పులకు అమ్మే ఒక సప్లిమెంట్‌లో లేబుల్ మీద రాయని డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్, డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఉన్నాయని అక్కడి ఎఫ్‌డీఏ 2022లో హెచ్చరించింది. అక్కడ కూడా జనం అది సహజమైన మందు అనే కొన్నారు.

సరే, మరి నిజమైన చైనా మూలికల సంగతేంటి? అమ్మ డిశ్చార్జ్ అయ్యాక నేను కొన్ని రాత్రులు ఇదే చదివిన. కోపంతో మొదలుపెట్టిన గానీ, చదివినకొద్దీ ఆసక్తి పెరిగింది. చైనా వైద్యంలో ఒక పాత సూత్రం ఉంది: కిడ్నీ ఎముకలను ఏలుతుంది అని. వాళ్లు కిడ్నీ అన్నది మన స్కానింగ్‌లో కనిపించే కిడ్నీయే కాదు, శరీరంలోని ఒక మూలశక్తి లాంటిది. అయినా కాకతాళీయంగా ఒక సంగతి కుదిరింది. మనం ఎండలో తయారుచేసుకునే విటమిన్ డి, చివరికి పనికొచ్చే రూపంలోకి మారేది ఎక్కువగా కిడ్నీలోనే.

వాళ్ల మూలికల పేర్లు చూడండి, ఎంత బాగుంటాయో. 'షు దువాన్' అంటే తెగినదాన్ని కలిపేది. 'గు సుయ్ బు' అంటే నుజ్జయిన ఎముకను బాగుచేసేది, అది చెట్లకు, బండలకు పట్టుకొని పెరిగే ఒక జాతి ఫెర్న్ దుంప. 'దు ఝోంగ్' ఒక చెట్టు బెరడు, విరిస్తే లోపల తెల్లటి పట్టుదారాల్లాంటి పోగులు సాగుతాయి. ఇంకొకటి 'బు గు ఝి', ఎముకకు బలమిచ్చేది. ఈ చివరిదాన్ని చదివి నేను ఆగిపోయిన. అది ఏంటో తెలుసా? మన బావంచాలు! మన ఆయుర్వేదంలో బొల్లి మచ్చలకు వాడే గింజలు. ఒకే గింజ, ఇక్కడ చర్మానికి, అక్కడ ఎముకకు.

మరి పనిచేస్తాయా? నిజాయితీగా చెప్తా. కొన్నింట్లో ఏదో ఉంది అనిపించే ఆధారాలు ఉన్నాయి. 'యిన్ యాంగ్ హువో' అనే మూలిక నుంచి తీసిన పదార్థాలను నెలసరి ఆగిపోయిన వంద మంది మహిళల మీద 24 నెలలు పరీక్షించారు. సగం మందికి అసలుది, సగం మందికి ఉత్తి మాత్ర. 2007లో ఫలితాలు వచ్చినయి. మూలిక తీసుకున్నవాళ్లలో ఎముక నష్టం తగ్గింది. మంచి వార్తే. కానీ అది వంద మంది మీద చేసిన ఒక్క పరీక్ష. ఎముక సాంద్రత కొలిచారు. విరగడం తగ్గిందా అనేది తేల్చడానికి ఆ సంఖ్య సరిపోదు.

2014లో కాక్రేన్ అనే సంస్థ పరిశోధకులు ఆస్టియోపోరోసిస్‌కు చైనా మూలికల మీద జరిగిన 108 పరీక్షలను, అంటే పదివేల మందికి పైగా రోగుల వివరాలను, ఒక్కచోట పెట్టి చూశారు. తేలిందేమిటంటే, ఆ పరీక్షల్లో చాలావాటి నాణ్యత సరిగ్గా లేదు, కాబట్టి లాభం ఉందని గట్టిగా చెప్పలేం. లేదు అని కాదు. ఉంది అని చెప్పలేం. ఈ రెండింటికీ తేడా ఉంది.

ఇంకో వైపు కూడా వినాలి. చైనాలో 'షియాన్‌లింగ్ గుబావ్' అని ఎముకల కోసం బాగా అమ్ముడుపోయే మూలికల క్యాప్సూల్ ఉంది. అందులో మన బావంచాలు కూడా ఒకటి. అది వాడినవాళ్లలో కొందరికి లివర్ దెబ్బతిన్నదని 2016లో చైనా ఔషధ నియంత్రణ సంస్థే హెచ్చరిక ఇచ్చింది. బయటి దేశం కాదు, చైనానే. "మూలిక కదా, పనిచేయకపోయినా నష్టం లేదు" అని మనం అంటాం చూడండి, ఆ మాట ఇక్కడే తేలిపోతుంది. మూలిక పనిచేస్తే అది మందే. మందు అయితే దానికి డోస్ ఉంటది, దుష్ఫలితం ఉంటది. లేబుల్ మీద నిజం రాసి ఉండాలి, రక్తపరీక్షలతో చూసుకోవాలి.

అయితే మన దగ్గర ఏమీ లేవా? ఉన్నాయి. చైనా దాకా పోవాల్సిన పనే లేదు, మా అమ్మమ్మ ఊళ్లో కంచె మీదే ఉంది. నల్లేరు.

'నల్లేరు మీద బండి నడక' అని మనం రోజూ వాడే సామెత. నున్నగా, సాఫీగా సాగిపోయే పని అని అర్థం. కానీ ఎంతమందిమి నల్లేరును చూసినం? నాలుగు పలకల కాడ, కణుపు కణుపుకూ నొక్కినట్టు ఉంటది. దూరం నుంచి చూస్తే వెన్నెముకనే అల్లుకున్నట్టు కనిపిస్తది. సంస్కృతంలో అస్థిశృంఖల అంటారు, ఎముకల గొలుసు. హిందీలో హడ్‌జోడ్, ఎముకను అతికేది. చైనావాళ్ల 'తెగినదాన్ని కలిపేది' గుర్తొచ్చిందా? రెండు దేశాల్లోనూ పాతకాలపు మనుషులు ఒకే పని కోసం మొక్కలు వెతికి, ఒకే రకం పేర్లు పెట్టారు.

నల్లేరు మీద పరిశోధనలు కొత్తవి కావు. 1960లలోనే బనారస్ హిందూ యూనివర్సిటీలో కె.ఎన్. ఉడుప, ప్రసాద్ అనే పరిశోధకులు విరిగిన ఎముకల మీద జంతువుల్లో పరీక్షలు చేశారు. ఎముక తొందరగా అతుకుతోందని చూశారు. తర్వాత థాయ్‌లాండ్‌లో నెలసరి ఆగిపోయి ఎముకలు కొంచెం పలచబడిన మహిళలకు 24 వారాలు ఇచ్చి చూశారు. ఎముక తవ్వకం, నింపకం వేగం కొంత నెమ్మదించింది. కానీ ఆ సమయంలో ఎముక సాంద్రత మారలేదు. అంటే ఆశ ఉంది, రుజువు ఇంకా పూర్తి కాలేదు.

ఇక్కడ ఒక తేడా పట్టుకోండి. విరిగిన ఎముక అతుక్కోవడం వేరు, గుల్లబారిన ఎముక గట్టిపడటం వేరు. తిరుపతి దగ్గరి పుత్తూరు కట్టు పేరు వినే ఉంటారు. చేత్తో ఎముకను సరిచేసి, ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురు బద్దలు పెట్టి కడతారు. దూరదూరాల నుంచి జనం పోతారు. అది విరిగిన ఎముకను కదలకుండా ఉంచే విద్య. కానీ అమ్మకు విరిగింది ఒక్క పూసే అయినా, గుల్లబారింది ఒంట్లో ఉన్న ఎముకలన్నీ. దానికి కట్టు లేదు.

మరి ఏం చేయాలి? మొదట కొలవాలి. డెక్సా స్కాన్ అని ఉంటది. పడుకోబెట్టి, చాలా తక్కువ ఎక్స్‌రేతో నడుము, తుంటి ఎముకల సాంద్రత చూస్తారు. సూది లేదు, నొప్పి లేదు. టీ స్కోర్ అని ఒక నంబర్ వస్తది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క ప్రకారం మైనస్ 1 లేదా అంతకంటే పైన ఉంటే మామూలే. మైనస్ 1 నుంచి మైనస్ 2.5 మధ్యలో ఉంటే ఎముక పలచబడుతున్నట్టు. మైనస్ 2.5, అంతకంటే కిందికి పోతే ఆస్టియోపోరోసిస్. మా అమ్మది మైనస్ 3.1 వచ్చింది. ఆ కాగితం పట్టుకొని నేను స్కానింగ్ సెంటర్ మెట్ల మీదే కూర్చున్నా.

రెండోది తిండి. మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి, నెలసరి ఆగిన మహిళలకు 1200. ఇది మన వంటింట్లోనే దొరుకుతది. ఒక గ్లాసు పాలలో సుమారు 250. వంద గ్రాముల తైదల్లో, అదే రాగుల్లో, 350 దాకా. ఒక పెద్ద చెంచా నువ్వుల్లో సుమారు 100. మునగాకు, పెరుగు ఎట్లాగూ ఉన్నాయి. తైద అంబలి, నువ్వుల పొడి, మునగాకు పప్పు. ఇవి యాడ్‌లో రావు, ఎందుకంటే వీటి మీద ఎవరికీ లాభం లేదు.

మూడోది ఎండ. వరంగల్‌లో ఎండకు కొదువా! కానీ అమ్మ రోజంతా ఇంట్లో మిషన్ దగ్గరే. పొద్దున ఆరింటికి లేత ఎండలో నిల్చుంటే విటమిన్ డి పెద్దగా తయారు కాదు, సూర్యుడు కాస్త పైకి రావాలి. అమ్మకు పరీక్షలో డి బాగా తక్కువ వచ్చింది కాబట్టి డాక్టర్ డోస్ రాశారు. డి కూడా ఇష్టమొచ్చినట్టు మింగేది కాదు, ఎక్కువైతే ప్రమాదమే.

నాలుగోది కదలిక. ఎముక మీద బరువు పడితేనే నింపే బ్యాచ్ పనిలోకి దిగుతది. నడవాలి, మెట్లెక్కాలి. ఇరవైల్లో ఉన్నవాళ్లం మనం. ఇప్పుడు వేసుకున్న డిపాజిట్టే యాభైలో తీసుకుంటాం. ఎనిమిది గంటలు కుర్చీలో, ఆ తర్వాత మంచంలో ఫోన్ పట్టుకొని ఉంటే డిపాజిట్ ఎక్కడి నుంచి వస్తది?

ఐదోది, ఆస్టియోపోరోసిస్ ముదిరితే మందు తప్పదు. వారానికి ఒక్కసారి వేసుకునే మాత్రలు ఉన్నాయి, ఏడాదికి ఒకసారి ఇచ్చే ఇంజెక్షన్ ఉంది. తవ్వే బ్యాచ్‌కు పగ్గం వేస్తాయి. ఎముక విరిగే ముప్పు తగ్గిస్తాయని వేలమంది మీద పరీక్షించి తేల్చినవి. అమ్మకు వారానికి ఒకటి రాశారు. పరగడుపున గ్లాసు నీళ్లతో మింగి, అరగంట పడుకోకూడదు, ఏమీ తినకూడదు. వీటికీ దుష్ఫలితాలు ఉన్నాయి. కిడ్నీ చూడాలి, పళ్ల పని ఏమైనా ఉంటే ముందే చెప్పాలి. కానీ ఆ దుష్ఫలితాలు కాగితం మీద రాసి ఉంటాయి. మా డబ్బా మీద "జీరో" అని రాసి ఉండే.

ఇక ఇంట్లో కింద పడకుండా చూసుకోవడం. బాత్రూంలో గోడకు ఒక పట్టుకొమ్మ, జారని చాప, రాత్రి ఒక చిన్న లైటు. నేను డబ్బాల మీద పెట్టిన డబ్బుల్లో సగం కూడా కాలేదు.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైన మాట. ఈ వీడియో చూసి మీ అమ్మ పొడిని ఈరోజే చెత్తబుట్టలో వేయకండి! జాగ్రత్తగా వినండి. చాలాకాలంగా వాడుతున్న పొడిలో స్టెరాయిడ్ ఉంటే, దాన్ని ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఎందుకంటే సొంత గ్రంథులు పని మానేసి ఉంటాయి. బీపీ పడిపోవడం, వాంతులు, స్పృహ తప్పడం జరగొచ్చు. అందుకని డబ్బా పట్టుకొని వెంటనే డాక్టర్ దగ్గరికి పోవాలి. మా అమ్మకు డాక్టర్ గారే లెక్క ప్రకారం స్టెరాయిడ్ మాత్ర ఇచ్చి, నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చారు.

డబ్బా చూసేటప్పుడు ఏం చూడాలి? ఆయుర్వేద మందు అయితే తయారీ లైసెన్స్ నంబర్, తయారుచేసినవాళ్ల పూర్తి అడ్రస్, బ్యాచ్ నంబర్, అందులో ఏమేం ఉన్నాయో రాసి ఉండాలి. మాది తిప్పి తిప్పి చూసినా ఒక్కటీ లేదు. లైసెన్స్ ఉన్నంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు, కానీ అది కూడా లేకపోతే ముట్టుకోవద్దు. ఫలానా జబ్బు గ్యారంటీగా మాయం అని చెప్పే మాయ మందుల ప్రకటనల మీద మన దేశంలో 1954 నుంచే చట్టం ఉంది. అనుమానం వస్తే తెలంగాణ డ్రగ్స్ కంట్రోల్ వాళ్లకు ఫిర్యాదు చేయొచ్చు. మూలికల వైద్యమే కావాలంటే మన వరంగల్‌లో అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది. చదువుకున్న వైద్యుణ్ని, నాడి పట్టి ముఖం చూసి రాసేవాళ్లను అడగండి. ముఖం చూడని రీల్‌ను కాదు.

ఇంకో గుర్తు చెప్తా, ఇది అన్నింటికంటే తేలిక. పాతకాలపు జబ్బు రెండు మూడు రోజుల్లో మాయమైందా? అక్కడే అనుమానించండి. ఎముక విషయంలో మూడు రోజుల్లో ఏదీ జరగదు. నెలలు, ఏళ్లు పడతది.

పక్కింటి చిన్నమ్మ సంగతి చెప్పలేదు కదా. లింక్ పంపింది నేనే. హాస్పిటల్ నుంచి వచ్చిన రోజే వాళ్లింటికి పోయి జరిగింది చెప్పిన. చెప్పేటప్పుడు తల ఎత్తలేకపోయిన. ఆమె నెల రోజులే వాడి, రుచి నచ్చక ఆపేసిందట. అదృష్టం. "నువ్వు మంచికే పంపినవ్ గద బిడ్డా" అన్నది. మంచికే పంపిన. యాడ్ చేసినోళ్లకు అమ్ముకోవడానికి కావాల్సింది కూడా మన ఆ మంచితనమే.

అమ్మ ఇప్పుడు బాగుంది. నడుముకు కొన్ని నెలలు బెల్ట్ పెట్టుకుంది. ఎత్తు కొంచెం తగ్గింది, అది మళ్లీ రాదు. మోకాళ్ల నొప్పి తిరిగి వచ్చింది. దానికి ఫిజియోథెరపీ వ్యాయామాలు చేస్తుంది, కొంచెం కొంచెం తగ్గుతుంది. మిషన్‌కు మోటార్ పెట్టించిన. సాయంత్రం నేను ఇంట్లో ఉంటే ఇద్దరం భద్రకాళి బండ్ మీద నడుస్తం. ఏడాదికి మళ్లీ డెక్సా తీస్తే మైనస్ 2.8. పెద్ద తేడా కాదు అనిపించొచ్చు. మాకైతే దిగే మెట్ల మీద ఆగి, ఒక మెట్టు పైకి ఎక్కినట్టే.

మొన్న ఊరికి పోతే అమ్మమ్మ కంచె మీది లేత నల్లేరు కోసింది. చేతులకు నూనె రాసుకొని పీచు తీసింది, లేకపోతే ఒకటే దురద. నూనెలో బాగా వేయించి, చింతపండు, ఎండుమిరపకాయలు వేసి రోట్లో తొక్కు నూరింది. వేడన్నంలో నెయ్యి వేసుకొని తిన్నాం. "ఇది తింటే ఎముకలు గట్టిపడతయి" అన్నది అమ్మమ్మ. అమ్మ నా కేసి చూసి నవ్వింది. "గట్టిపడ్తయో లేదో గని, దీంట్ల ఏమేం వేసినమో మనకెరుక" అన్నది.

నేను ఇంత చదివి చెప్పిందంతా ఆ ఒక్క మాటలో ఉంది.

కాబట్టి మీరు చేయాల్సింది ఒక్కటే పని. ఈరోజు ఇంటికి పోయినంక అమ్మ, నాన్న, అమ్మమ్మ వాడే ప్రతి డబ్బాకూ, ప్రతి గోలీ షీట్‌కూ ముందూ వెనకా ఫోటోలు తీసుకోండి. "అది మందు కాదు, ఆకుల పొడే" అన్నదాన్ని ముందు తీయండి. తర్వాతిసారి డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు ఆ ఫోటోలు చూపించండి. ఐదు నిమిషాల పని. నేను ఆ ఐదు నిమిషాలు 14 నెలలు ఆలస్యం చేసిన.

ఈ వీడియో ఎవరికి పంపాలో మీకు ఇప్పటికే తెలిసి ఉంటది. పంపండి. మళ్లీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి, నమస్తే.